మునక నేర్పే వూళ్ళు

భద్రాచలంలో సీతారామ కల్యాణం చూసినవాళ్ళకి ముత్యాల తలంబ్రాల సంగతి నేను చెప్పక్కర్లేదు. గోల్కొండ ఏలిన తానీషా మొట్టమొదట పంపించాడనీ, అప్పట్నించీ ప్రభుత్వం తరఫున ముత్యాలూ పట్టుబట్టలూ రావడం ఆనవాయితీ అయిందనీ పెద్దవాళ్ళు చెబుతారు. రామదాసుని చెరలో పెట్టించిన చేత్తోనే రాముడికి ముత్యాలు పంపాడన్నమాట! చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు చూశానో ఆ కల్యాణం. ముత్యాలు ఎవరు పంపారన్నదే తెలుసుకున్నాను గాని, నీళ్ళలో మునిగి వాటిని పైకి తెచ్చిందెవరన్న ఆలోచన ఏనాడూ నా బుర్రకి తట్టలేదు.

తట్టించింది మా మేనకోడలు. మిథిలా స్టేడియంలో జనం మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. తలంబ్రాలు పోస్తున్నారు. నేను కళ్ళకద్దుకుంటూంటే పక్కనించి మెల్లిగా, “అత్తయ్యా, పంపింది తానీషా, సరే. తీసినవాడెవడు? వాడికి మునగడం ఎవరు నేర్పారు?” అంది.

దానికి వేరే ధ్యాస లేదులెండి. హైదరాబాదు హాస్టల్లో వుండి డిగ్రీ చదువుతూ ఈత నేర్చుకుంది. స్నేహితురాళ్ళతో అండమాన్ వెళ్ళి, వీపుకి సిలిండరు కట్టుకుని అరగంట సముద్రం అడుగు చూసి వచ్చింది. అదే స్కూబా. నేను “ఆక్సిజన్ సీసా” అంటే నవ్వుతుంది. “ఆక్సిజన్ కాదత్తయ్యా, మనం పీల్చే గాలే. ఒత్తి నింపుతారంతే” అని దిద్దుతుంది. ఇప్పుడు ఆ విద్యనే వృత్తిగా నేర్చుకుంటానంటుంది. అదీ విదేశం వెళ్ళి. థాయిలాండులో కో తావ్, ఇండోనేషియాలో గిలీ దీవులు, ఆస్ట్రేలియాలో కెయిర్న్స్, మధ్యధరా సముద్రంలో మాల్టా, స్కాట్లండులో ఇంకేదో చలివూరు, ఇలా ఒక జాబితా రాసుకుంది. ఎక్కడికి పంపిస్తారో మీరే తేల్చండంటుంది.

మా అన్నయ్య వాళ్ళ ఇల్లు భద్రాచలంలోనే. ఖమ్మం నించి కొత్తగూడెం, పాల్వంచ దాటి వస్తే దారికి అటూ ఇటూ అడవే తప్ప సముద్రం వాసన కూడా తగలదు. మా వదినది కూనవరం, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చినప్పుడు ఆవిడ చిన్నపిల్ల. గుట్ట మీద తడిబట్టలతో కూర్చున్న ఆ రాత్రి ఆవిడకి ఇంకా కలలోకి వస్తుందట. 2022 జూలైలో మళ్ళీ 71.3 అడుగులొచ్చినప్పుడు బీరువా తాళాలు కొంగున కట్టుకుని మేడ మీద కూర్చుంది. అలాంటి మనిషితో కూతురు నీళ్ళ అడుగున వుద్యోగం చేస్తానంటే ఎలా వుంటుంది? “నీళ్ళు పట్టుకుపోయేవేగాని తెచ్చిపెట్టేవి కావమ్మా. నువ్వైనా దానికి చెప్పు” అని నా మీద పెట్టింది. మేనకోడలేమో, “నువ్వైనా అమ్మకి చెప్పు” అంది. ఇద్దరి మధ్యా నేను!

నేను చదివింది బి.ఏ. నీటి ఒత్తిళ్ళూ వాయువుల లెక్కలూ నాకు రావు. తెలియని వూరు వెళ్ళేముందు ఇదివరకు వెళ్ళొచ్చినవాళ్ళని అడగడం ఒకటే తెలుసు. అందుకని మునిగినవాళ్ళ చరిత్ర పట్టుకున్నాను.

వెనకటి రోజుల్లో మంచి ముత్యమంటే రెండు చోట్లనించి రావాలి. ఒకటి మన తమిళదేశానికీ సింహళానికీ నడుమ వున్న మన్నారు సింధుశాఖ, రెండోది పర్షియా సింధుశాఖ. ఈ రెండో వాటినే మన ఆడవాళ్ళు ‘బస్రా ముత్యాలు’ అని మురిసిపోతారు. అక్కడ మునగడం నేర్పింది బడి కాదు, అప్పు. పడవ యజమాని దగ్గర తండ్రి చేసిన బాకీ కొడుక్కి దిగేది. ఆ బాకీతోపాటే విద్యా దిగేది. ముక్కుకి కొమ్ముతో చేసిన పట్టకారు, వేళ్ళకి తోలు తొడుగులు, కాలికి రాయి, మెడలో బుట్ట, అంతే సరంజామా. ఎనిమిది, పది బారల లోతుకి ఒక్క వూపిరిలో దిగాలి. పైన తాడు పట్టుకున్నవాడు వేళకి లాగితే బతికినట్టు. మన్నారులో అయితే సొరచేపల నోళ్ళు కట్టే మంత్రగాళ్ళుండేవారట. వాళ్ళకి పట్టిన ముత్యాల్లో ఇరవయ్యోవంతు ముట్టేదని పదమూడో శతాబ్దంలో మార్కోపోలో రాశాడు. ఆ తరవాత ఎన్నో వందల ఏళ్ళకి బ్రిటిషు దొరలు కూడా ఆ మంత్రగాళ్ళకి జీతాలిచ్చి పడవలెక్కించారు. మంత్రానికి సొరచేప బెదిరిందో లేదో గాని, మునిగేవాడికి గుండె నిబ్బరం వచ్చేది కదా!

జపాన్‌లో మికిమోతో అనే ఆయన 1893లో ముత్యాన్ని పెంచి పుట్టించడం సాధించాడు. అవి 1930ల నాటికి బజార్లని ముంచెత్తేసరికి పర్షియా సింధుశాఖలో ముత్యాల పని కూలిపోయింది. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడింది కాబట్టి గాని, లేకపోతే ఆ కుటుంబాల గతి ఏమయ్యేదో.

ఇంతవరకూ అందరూ మగవాళ్ళే. ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పాలి. ఇది చదివాకే నేను వదిన దగ్గరికి ధైర్యంగా వెళ్ళగలిగాను.

కొరియాకి దక్షిణాన జేజు అని ఒక దీవి వుంది. అక్కడ సముద్రంలో మునిగి నత్తలూ, చిప్పలూ, సముద్రపు పాచీ తెచ్చేది ఆడవాళ్ళు. వాళ్ళని ‘హేన్యో’ అంటారు. గాలి సిలిండర్లు కట్టుకోరు. కట్టుకుంటే ఒకే ఏడాది సముద్రం వూడ్చిపెట్టేస్తాం, మరుసటేడు ఏం తింటామని వాళ్ళే కట్టుబాటు పెట్టుకున్నారు. నిమిషం, రెండు నిమిషాలు వూపిరి బిగబట్టి దిగుతారు. పైకి తేలగానే ఈల వేసినట్టు వూపిరి వదులుతారు. ఆ ఈల మీద ఎవరు క్షేమంగా తేలారో చూడకుండానే తెలుస్తుంది. చలినీళ్ళలో ఒకప్పుడు నూలుబట్టలతోనే దిగేవాళ్ళు. రబ్బరు బట్టలు వచ్చింది 1970ల్లోనే. ఆ సంపాదనతో ఇళ్ళు నడిపారు, పిల్లల్ని చదివించుకున్నారు. 1960ల్లో ఇరవై వేలమందికి పైగా వుండేవారు. ఇప్పుడు మూడు వేల లోపే. అందులోనూ చాలామంది అరవై దాటినవాళ్ళు. ఎనభై ఏళ్ళ అవ్వలు కూడా దిగుతారంటే నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మోకాలి నొప్పని మెట్లెక్కడం మానేసినదాన్ని మరి!

వీళ్ళకి మునక నేర్పేది పెద్దామెలు. ఒడ్డున రాళ్ళు గుండ్రంగా పేర్చి మధ్యన మంట వేసుకుంటారు. బట్టలు మార్చుకోవడం, చలి కాచుకోవడం, ఇవాళ కెరటం ఎలా వుందో, ఎవరి కోడలికి నెల తప్పిందో, అన్నీ అక్కడే. కొత్తపిల్ల ఆ మంట దగ్గర ఎక్కడ కూర్చోవాలన్నది కూడా ఆ పిల్ల నైపుణ్యాన్ని బట్టే. మూడు అంతస్తులు, కింది తరగతి, నడిమి తరగతి, పై తరగతి. పెద్దవాళ్ళు మొట్టమొదట చెప్పేది, అడుగున ఇంకొక్క నత్త కనబడిందని ఆశపడొద్దని. ఆ ఒక్కదాని కోసం ఆగినవాళ్ళే తేలరట. 2016లో యునెస్కో ఈ విద్యని మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

“అంటే అక్కడ పిల్లని పెద్దాడవాళ్ళు కనిపెట్టుకుని వుంటారన్నమాట” అంది వదిన. ఆవిడ పట్టుకున్న ముక్క అదీ. నాకు అదే దొరికింది.

బడి పెట్టి నేర్పడం తరవాతి మాట. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ దగ్గర మునిగిన ‘రాయల్ జార్జ్’ అనే యుద్ధనౌక శకలాలు తీయడానికి 1839లో కల్నల్ పాస్లీ అనే సైనికుడు, లోహపు శిరస్త్రాణాలు పెట్టుకునే మనుషుల్ని దింపాడు. ఒంటరిగా ఎవరూ దిగకూడదు, జంటగా దిగాలన్నాడు. ఇవాళ్టికీ స్కూబాలో ముఖ్యమైన నియమాల్లో అదొకటి. ఆ పని పూర్తయ్యాక 1843లో బ్రిటిషు నౌకాదళం మునకకి బడి తెరిచింది. 1908లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత లోతునించి ఎంత నిదానంగా పైకి రావాలో పట్టికలు కట్టాడు. త్వరపడి తేలితే రక్తంలో బుడగలు పుట్టి కీళ్ళు మెలిబెడతాయి, పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. దాన్నే ‘బెండ్స్’ అంటారు.

అంత గొప్ప బడిలో చదివినవాళ్ళకి ఏం జరిగిందో వినండి. పశ్చిమ ఆస్ట్రేలియాలో బ్రూమ్ అనే రేవు వుంది. గుండీలు చేసే ముత్యపుచిప్పలకి పెట్టింది పేరు. అక్కడ మునిగేవాళ్ళు ఎక్కువగా జపాన్‌లోని వకయామా నించి వచ్చినవాళ్ళు. ‘తెల్లవాళ్ళ ఆస్ట్రేలియా’ అనే విధానం వచ్చిన రోజులు. ఈ జపాను వాళ్ళెందుకు, మన తెల్లవాళ్ళనే దింపుదామని ప్రభుత్వం పట్టుబట్టింది. 1912లో బ్రిటన్ నించి నౌకాదళపు శిక్షణ వున్న డైవర్లని రప్పించారు. వాళ్ళ కాగితాలకి వంక పెట్టడానికి లేదు. కాని ఆ సముద్రం అడుగున చిప్ప ఎక్కడ ఒదిగి వుంటుందో, ఏ పోటుకి నీళ్ళు బురదెక్కుతాయో వాళ్ళకి తెలియదు. చిప్పలు దొరకలేదు. కొందరు చచ్చిపోయారు కూడా. ఏడాది తిరిగేసరికి ఆ ప్రయోగం చతికిలబడింది. అలాగని జపాను వాళ్ళు సుఖపడ్డారని కాదు. బ్రూమ్‌లోని వాళ్ళ శ్మశానంలో తొమ్మిది వందలమందికి పైగా వున్నారు. నీళ్ళ గుట్టు తెలిసినవాళ్ళకి పట్టికలు లేవు, పట్టికలు తెలిసినవాళ్ళకి నీళ్ళ గుట్టు తెలియదు.

ఇది చెప్పినప్పుడు మా మేనకోడలు జాబితా కాగితం తిప్పి వెనకాల ఏదో రాసుకుంది. ఏమిటని నేను అడగలేదు.

స్కూబా కథ చిన్నదే. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో పెట్రోలు దొరక్క కార్లని గ్యాసుతో నడిపేవారు. ఆ గ్యాసుని అదుపు చేసే కవాటాన్నే గాన్యాన్ అనే ఇంజనీరు మార్చి ఇస్తే, కుస్తో అనే నావికాధికారి 1943లో నోట కరుచుకుని నీళ్ళలోకి దిగాడు. పైనించి గాలిగొట్టం అక్కర్లేకుండా మనిషి చేపలా తిరిగాడు. యుద్ధం అయిపోయాక అందరూ కొనుక్కుని దిగడం మొదలుపెట్టారు, చచ్చిపోవడమూ మొదలైంది. దాంతో 1950ల్లో కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ కౌంటీ వాళ్ళు నేర్పేవాళ్ళకే శిక్షణ పెట్టారు. 1955లో అందులో నెగ్గిన డాటీ ఫ్రేజియర్‌ని మొదటి మహిళా స్కూబా శిక్షకురాలంటారు. ఆవిడ 2022లో తొంభై తొమ్మిదో ఏట పోయింది. నీళ్ళలో దిగితే ఆయుష్షు తీరుతుందనేవాళ్ళకి ఇది చెప్పండి.

1966లో అమెరికాలో ‘పాడీ’ అనే సంస్థ పుట్టి, చదువుని మెట్లుమెట్లుగా విడగొట్టి ప్రపంచమంతా పరిచింది. మొదటి మెట్టుకి 18 మీటర్ల లోతు, తరవాతి దానికి 30. ఆపైన ఇతరుల్ని రక్షించడం. ఆ తరవాత ‘డైవ్ మాస్టర్’, అక్కడినించే వృత్తి మొదలు. దానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి, అరవై మునకలు లెక్కకి రావాలి, డాక్టరు సంతకం వుండాలి. నేర్పే పంతులమ్మ కావాలంటే వంద మునకలు, ఆపైన బయటివాళ్ళు వచ్చి పెట్టే పరీక్ష.

ఈ చదువులకి పేరుపడ్డ దీవుల చరిత్ర చూస్తే నవ్వొచ్చింది. కో తావ్‌లో 1940ల్లో రాజకీయ ఖైదీలని వుంచారు. మన అండమాన్ సంగతి సరేసరి, సెల్యులార్ జైలు. ఒకప్పుడు పారిపోకుండా చుట్టూ నీళ్ళున్నాయని మనుషుల్ని పంపిన చోట్లకి, ఇప్పుడు ఆ నీళ్ళ కోసమే డబ్బు కట్టి వెళుతున్నారు. నీళ్ళు గోరువెచ్చగా వుంటాయి, అడుగుదాకా కనిపిస్తాయి, ఖర్చు తక్కువ. అందుకే అక్కడ బళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి.

స్కాట్లండులో వూరు వేరే దారి. అది ఫోర్ట్ విలియం. 1970ల్లో ఉత్తర సముద్రంలో చమురు తవ్వకాలు జోరందుకున్నప్పుడు, అడుగున గొట్టాలు బిగించే మనుషుల కోసం అక్కడ శిక్షణ మొదలైంది. చేపల్ని చూపించే పని కాదిది, వెల్డింగు పని, ఆనకట్టల పని, ఓడరేవుల పని. ఒక దారిలో వచ్చిన సర్టిఫికెట్టు రెండో దారిలో చెల్లదు. ‘ప్రొఫెషనల్ డైవర్’ అనే ఒక్క మాటలో ఇన్ని వృత్తులు దాక్కున్నాయని తెలియకే ఎంతోమంది పిల్లలు పొరపడుతుంటారు. ఆ ఉత్తర సముద్రంలో తొలినాళ్ళలో దిగినవాళ్ళు ఎందరో పోయారు, ఎందరో ఆరోగ్యాలు పోగొట్టుకున్నారు. ఎంతసేపట్లో పైకి రావాలో చెప్పే పట్టికల్ని కొన్ని కంపెనీలు వ్యాపార రహస్యాలుగా దాచుకున్నాయి! ప్రమాదం ఎంతో వాళ్ళకి తెలిసేట్టు చెయ్యనందుకు నార్వే ప్రభుత్వానిదే తప్పని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2013లో తీర్పు చెప్పింది. అప్పటికి ఆ కుర్రాళ్ళు ముసలివాళ్ళయిపోయారు.

నేను ఇదంతా చెబుతూంటే అన్నయ్య మధ్యలో అందుకుని, “విశాఖపట్నం ఇంత దగ్గరుండగా విదేశం దేనికే?” అన్నాడు. నిజమే. 1971 డిసెంబరులో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తానీ జలాంతర్గామి ‘ఘాజీ’ని మన నౌకాదళం డైవర్లే దిగి చూశారు. లోతుల్లో మునిగేవారికోసం విశాఖలోనే కట్టిన ‘నిస్తార్’ అనే నౌక 2025 జూలైలో నౌకాదళంలో చేరింది. కాని ఆ విద్య నౌకాదళంలో చేరినవాళ్ళకి. బయటి పిల్లలకి అండమాన్‌లోనూ, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణిలోనూ, పుదుచ్చేరిలోనూ నేర్పేవాళ్ళున్నారు. ఆ సంగతీ జాబితాలో రాయించాను.

అప్పటిదాకా వూరుకున్న వదిన అప్పుడు కచ్చులూరు మాట ఎత్తింది. ఎత్తుతుందని నాకు తెలుసు. 2019 సెప్టెంబరు 15 ఆదివారం. పాపికొండలు చూడ్డానికి గండి పోచమ్మ గుడి దగ్గర బయల్దేరిన ‘రాయల్ వశిష్ఠ’ పడవ, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర సుడిలో తిరగబడింది. 77 మంది వున్నారు. నది అప్పుడు అయిదు లక్షల క్యూసెక్కుల వరదలో వుంది. 26 మందిని బతికించింది శిక్షణ పొందినవాళ్ళెవరూ కాదు. ఒడ్డునున్న గిరిజనులు నాటుపడవలు వేసుకుని ఆ ప్రవాహంలోకి వెళ్ళి చేతికందినవాళ్ళని లాక్కొచ్చారు. ఆ తరవాత దేశంలో వున్న పెద్ద పెద్ద దళాలన్నీ వచ్చాయి. ఎర్రటి వరదనీళ్ళు, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు, అడుగున బురద. చివరికి కాకినాడ నించి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లూ ఇనపతాళ్ళూ వేసి రోజుల తరబడి లాగింది. విశాఖ నించి వచ్చిన డైవర్లు ఆ బురదలోకి దిగి తడుముకుంటూ తాడు బిగించారు. అక్టోబరు 22న, 38వ రోజున, పడవ గట్టుకొచ్చింది. అప్పటిదాకా ఒడ్డున కూర్చున్న తల్లుల్ని మేము టీవీలో చూశాం. బిడ్డ బతికొస్తుందని కాదు వాళ్ళు కూర్చున్నది, చూసుకుని పంపించాలని.

“అమ్మా, అక్కడ తాడు బిగించినవాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట నేర్చుకున్నవాళ్ళే కదా” అంది మేనకోడలు.

వదిన జవాబు చెప్పలేదు. లోపలికెళ్ళి కాఫీ కలిపింది. నేను నా అభిప్రాయం అప్పుడే చెప్పేశాను. పోస్టుకార్డు మీది బొమ్మలాంటి నీళ్ళు చూసి బడి ఎంచుకోవద్దన్నాను. ముందర అండమాన్‌లో మొదటి మూడు మెట్లూ ఎక్కు. అక్కడ ఒకప్పుడు పోర్ట్ బ్లెయిర్ అన్న శ్రీ విజయపురం‌లో తెలుగువాళ్ళు బోలెడుమంది, నాలుగు తెలుగు మాటలూ వినబడతాయి. చేపలు చూపిస్తావా, వంతెనల కింద పని చేస్తావా అన్నది తేల్చుకో. ఆ తరవాతే పైదేశం. అదీ తేట నీళ్ళలో మాత్రమే కాక, మసక నీళ్ళలోనూ చలి నీళ్ళలోనూ దింపే చోటికి వెళ్ళు.

అది వెనకాల రాసుకున్న కాగితం అప్పుడు చూపించింది. అన్నీ ప్రశ్నలే. బెండ్స్ వస్తే ఒత్తిడి గది ఎంత దూరంలో వుంది? ఒక శిక్షకుడి దగ్గర ఎంతమంది? (నియమం ప్రకారం మొదటి మెట్టులో ఎనిమిది మందికి మించకూడదు.) బీమా ఎవరు కడతారు? వాతావరణం బాగోలేక ఆగిపోతే డబ్బు సంగతేమిటి? వదిన కాఫీ గ్లాసులు పెట్టి, “నేర్పేవాళ్ళలో ఆడవాళ్ళెంతమందో కూడా అడుగు” అంది. అదీ రాశాం.

రెండు బళ్ళకి మెయిల్ పంపింది. ఒకరు పది శాతం తగ్గింపు ప్రకటన పంపారు, ప్రశ్నల వూసే లేదు. రెండోవాళ్ళు వరసగా అన్నిటికీ జవాబు రాశారు. ఒత్తిడి గది పడవలో గంట ప్రయాణమని, తమ దగ్గర శిక్షకుల్లో ముగ్గురు ఆడవాళ్ళని, అందులో ఒకామెకి యాభై రెండేళ్ళని. వదిన ఆ జవాబు రెండుసార్లు చదివించుకుంది. తరవాత గోడమీద క్యాలెండరు వైపు చూసి, “వాళ్ళ దేశంలో వానలు ఏ నెలలోనే?” అని కూతుర్ని అడిగింది.